పిట్టవడ్ల కోసం నారాయణఖేడ్ దాకా

ఈ ప్రయాణానికి కారణం పురుగు. హైదరాబాదు బయట ఒక వరి పరిశోధన క్షేత్రంలో నేను సహాయకుణ్ణి. రోజంతా వడ్లగింజల పొడుగూ వెడల్పూ కొలిచి రాసుకోవడం నా ఉద్యోగం. గింజలు కొలవడానికి ఇంత చదువు చదవాలా అని మా మామగారు పెళ్లిపీటల దగ్గరే అడిగారు. పొడుగు గింజ రకాన్నీ పొట్టి గింజ రకాన్నీ సంకరం చేసి, మనవల తరంలో ఏ కొలత గింజలు ఎన్ని వస్తాయో చూసి, గింజ సైజును పుట్టుకతో నిర్ణయించే కారకాలు ఎన్ని ఉన్నాయో తేల్చాలని మా పై అధికారి పట్టుదల. పొట్టి గింజకు మేం ఎంచుకున్నది నారాయణఖేడ్ తాలూకాలో పండే పిట్టవడ్లు. గుండ్రంగా, పిట్ట ముక్కుకు సరిపోయేంత చిన్నగా ఉంటాయి. రెండేళ్ల కిందట నేనే వెళ్లి రెండు పిడికిళ్లు తెచ్చాను. మొన్న వానాకాలం చివర డబ్బా తెరిస్తే లోపల పిండీ పురుగులూ తప్ప గింజ లేదు. వేపాకు మార్చాల్సింది నేను. మార్చలేదు. పొట్టి గింజ తల్లి రకం చేతిలో లేకుండా మనవల్ని ఎవరితో పోల్చాలని అధికారి అడిగారు. కోతలు అయ్యాక మళ్లీ వెళ్లి తెస్తానని చెప్పి తప్పించుకున్నాను.

విత్తనాల కోసమో, మరో పని మీదో ఆ వైపు వెళ్లాలనుకునేవారికి దారి చెబుతాను. నాంపల్లిలో పొద్దున రైలెక్కితే వికారాబాదు మీదుగా జహీరాబాదుకు మధ్యాహ్నం దాటాక చేరుస్తుంది. మూడో తరగతి టికెట్టు నిజాం హాలీ సిక్కాల్లో రూపాయిన్నర. యుద్ధం మూలంగా రైళ్లు తగ్గించారు, ఉన్న వాటిలో నిలబడటానికి చోటు దొరికితే అదృష్టమే. రాత్రికి స్టేషను దగ్గర ముసాఫిర్‌ఖానాలో పడుకుంటే పొద్దున్నే ఆరున్నరకు నారాయణఖేడ్ బస్సు. పన్నెండు అణాలు. పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గు పొయ్యి తగిలించి నడుపుతున్నారు. ఎత్తు వచ్చిన ప్రతిచోటా మేం దిగి నడిచాం, బస్సు మా వెనకాల రొప్పుకుంటూ వచ్చింది. ముప్పై మైళ్ల లోపు దారికి మూడు గంటలు పట్టింది. నారాయణఖేడ్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. నా ముఖమంతా మసి.

బస్సు అడ్డా దగ్గర చాయ తాగి, ఉల్లిగడ్డతో రెండు రొట్టెలు తిందామంటే హోటలువాడు పిండి లేదన్నాడు. నేను వెళ్లాల్సింది సిర్గాపూర్ దారిలో, రోడ్డు దిగి లోపలికి వెళ్లే ఒక చిన్న ఊరు. బండి కావాలి. వరసగా నిలిపిన నాలుగు బండ్లలో సామేలు అనే అతని బండికి గడ్డి ఎక్కువ పరిచి ఉంది కాబట్టి దాన్ని ఎంచుకున్నాను. నలభై ఏళ్ల మనిషి, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. రానూ పోనూ రూపాయిన్నర, ఎద్దులకు మేత నేనే కొనాలి అన్నాడు. బేరం ఆడకుండా ఎక్కాను.

"ఎవలింటికి సారు?" అని ఊరు దాటాక అడిగాడు.

"లచ్చవ్వ అని ఒకామె. కొడుకు పేరు మాణయ్య. కుంట కింద పొలం."

సామేలు ఎద్దు తోక వదిలి నా వైపు తిరిగి చూశాడు. "పిట్టొడ్ల లచ్చవ్వ ఇంటికా. ఏం పనివడ్డది?"

గింజల సంగతి చెప్పాను. సైజు తల్లిదండ్రుల నుంచి ఎలా దిగుతుందో కూడా, తెలిసినంత, విడమర్చి చెప్పాను. పొడుగు గింజ మొక్కకూ పొట్టి గింజ మొక్కకూ పుట్టిన మొక్కకు నడిమి రకం గింజలు కాస్తాయి, ఆ గింజలు మళ్లీ నాటితే పొడుగూ పొట్టీ నడిమీ అన్నీ బయటికొస్తాయి అన్నాను.

"మా అయ్య పొట్టోడు, మా అవ్వ పొడుగు. నేను నడుమ బుట్టిన," అన్నాడు సామేలు. "నా పెద్దబిడ్డ మా అయ్యలెక్క పొట్టిది, చిన్నబిడ్డ తాడిచెట్టు. గీ ముచ్చట తెల్సుకొనుటానికి సర్కారు నీకు జీతమిస్తదా?"

ఇస్తుందన్నాను. వాడు చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక, లచ్చవ్వ ఈ ఏడు ఎలా ఉందని అడిగితే మాత్రం, "పోయినంక నువ్వే సూస్తవ్ తియ్యి," అని ఎద్దుల్ని అదిలించాడు.

దారి పొడుగునా నల్లరేగడి. జొన్న కోసేసిన చేలు, అక్కడక్కడ కంది, గట్ల వెంట పూత మీదున్న కుసుమ. ఈ తాలూకాలో వరి అంటే కుంటల కింద నాలుగు మడులే. మిగిలిందంతా మెట్ట. ఆ నాలుగు మడుల వరి కూడా కుంటలో నీళ్లు ఎండేలోగా పండాలి, లేదంటే లేదు. పిట్టవడ్లు అందుకే అక్కడ బతికాయి. నాట్లు వేసిన మూడు నెలలకే చేతికొస్తాయి. గింజ చిన్నదని బయటివాళ్లు వెక్కిరిస్తారు కానీ ఆ చిన్న గింజ నీళ్లున్నప్పుడే నిండుతుంది. ఇది ఈ రోజు ఇంత తేలిగ్గా రాస్తున్నాను. రెండేళ్ల కిందట నాకు ఈ ఇంగితం లేదు.

పన్నెండు గంటలవుతుండగా ఊరు చేరాం. లచ్చవ్వ ఇంటి ముందు రెండు ఎద్దులు కట్టే చోట ఒక్కటే ఉంది. లచ్చవ్వకు అరవై పైనే ఉంటాయి, వంగిన నడుము, గట్టి గొంతు. ఆ ఇంట్లో విత్తనం పని మొగుడున్నప్పుడూ ఆమెదే, పోయాకా ఆమెదే. నన్ను గుర్తుపట్టి గడప దిగి వచ్చింది. ముఖం వెలిగింది. నాకు సంతోషమేసింది.

"వచ్చినవా సారూ! ఎన్నిదినాలసంది సూస్తున్న నీ కోసం. తెచ్చినవా?"

"ఏమిటి అవ్వా?"

"ఏందంటవేంది? పిట్టొడ్లు. ఆనాడు రెండు పిడికిళ్లు తీస్కపోతివి గద. నీ కాడ పదిలంగుంటయని నువ్వే అంటివి. ఊర్ల ఒక్క ఇంట్ల లేవిప్పుడు. నువ్వన్న ఇస్తవని కండ్లల్ల ఒత్తులేసుకోని కూసున్న."

గోనెసంచిలో నేను తెచ్చినవి ఖాళీ పొట్లాలు. నింపుకుపోదామని తెచ్చిన పన్నెండు కాగితపు పొట్లాలు, మీద పేరు ముందే రాసి పెట్టుకున్నవి. పురుగు పట్టిందని చెప్పాను. నేనే మీ దగ్గర తీసుకుందామని వచ్చానని చెప్పాను. లచ్చవ్వ నా సంచి వైపు ఒకసారి చూసి మంచం వాల్చింది.

లోపలినుంచి కోడలు యాదమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. పద్దెనిమిదేళ్లుంటాయేమో. పోయిన ఏడే కాపురానికి వచ్చిందట. మాణయ్య ఎక్కడని అడిగితే నెల కిందట కూలికి పట్నం పోయాడని తల దించుకుని చెప్పింది. రెండో ఎద్దును అమ్మేశారట.

"పొలం సూద్దువుగాని నడు," అంది లచ్చవ్వ. "సారు ఎప్పుడు తిన్నడో ఏమో, ఏదన్న జేసిపెట్టు పిల్లా. జల్దీ గానియ్యి." శ్రమ ఎందుకు అవ్వా అని నేను మాటవరసకు అన్నాను. పొద్దుటినుంచి కడుపులో చాయ తప్ప ఏమీ లేదు, గట్టిగా వద్దనలేదు.

పొలం ఊరికి అర మైలు. కుంట అడుగు పగుళ్లు తీసి ఉంది. దాని కింద ఐదారు కుటుంబాల మడులు, కొన్నిటిలో కొయ్యకాళ్లు, కొన్నిటిలో కోయకుండా వదిలేసిన వరి నిలబడే ఎండింది. లచ్చవ్వ మడి రెండోది. ఒక కంకి తెంపి నా చేతిలో పెట్టింది. నలిపి చూశాను. అంతా తాలు. పొట్టు పొడుగ్గా, వెడల్పుగా ఉంది. అది పిట్టవడ్ల పొట్టు కాదు. నాకు తెలుసు, వేల గింజలు కొలిచినవాణ్ణి, ముట్టుకుంటేనే తెలుసు.

ఇక్కడ నేను చేసింది చెప్పాలి. చెప్పకుండా ఉండగలిగితే బాగుండునని ఈ వ్యాసం రెండుసార్లు చింపేశాను కూడా.

లచ్చవ్వ విత్తనం తీసే పద్ధతి వేరు. కోతకు నాలుగు రోజుల ముందు ఆమె మడిలో దిగి, అంచులు వదిలేసి, నడిమధ్యన ఒకేసారి తల వంచిన కంకుల్ని ఒక్కొక్కటీ చూసి కొడవలితో కోసి, కట్టకట్టి, పొయ్యి మీది వాసానికి వేలాడదీసేది. పొగకు పురుగు చేరదు. మళ్లీ నాట్ల కాలం దాకా దాన్ని ఎవరూ ముట్టరు. రెండేళ్ల కిందట నేను వచ్చినప్పుడు కళ్లంలో ఆమె వడ్లు కుప్పగా ఉన్నాయి. చిన్న గింజల మధ్య అక్కడక్కడ పెద్ద గింజలు కనిపించాయి. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది. మాణయ్యను పిలిచి జల్లెడ తెప్పించి, కుప్పలోంచి నాలుగు చేటలు జల్లించి చూపించాను. పైన నిలిచిన పెద్ద గింజలు విత్తనానికి, కింద రాలిన చిన్నవి తిండికి. ఏటా ఇలా చేస్తే గింజ పెరుగుతుంది, పంట బరువెక్కుతుంది అన్నాను. లచ్చవ్వ ఒప్పుకోలేదు. మడిని చూడకుండా గింజను చూసి విత్తనం ఎట్ల తీస్తరని అడిగింది. నేను నవ్వాను. ఆ నవ్వు నాకు గుర్తుంది. మాణయ్య తల్లి కట్టను పక్కన పెట్టి నా మాటే విన్నాడు.

బియ్యపు గింజ తన చుట్టూ ఉన్న పొట్టు ఎంతుంటే అంతకే నిండుతుంది. ఆ పొట్టు తల్లి మొక్కది. జల్లెడ పైన నిలిచిన గింజల్లో కొన్ని గట్టు పక్కన ఎరువు ఎక్కువ తిని కాస్త బలిసిన పిట్టవడ్లే, వాటి పిల్లలు మళ్లీ పిట్టవడ్లే అవుతాయి. మిగిలినవి అసలు పిట్టవడ్లే కాదు. ఊరందరికీ ఒకటే కళ్లం. పొరుగూరి నుంచి తెచ్చి ఎవరో నూర్చిన దొడ్డు వడ్లు అందులో కలిశాయి. ఆరు నెలల పంట అది. చెరువు నిండా నీళ్లుండే చోట పండాల్సిన రకం. లచ్చవ్వ కంకులు చూసి కోసేది కాబట్టి, అవి ఏటా కళ్లంలో కలిసినా విత్తనంలోకి రాలేదు. నేను జల్లెడ ఇచ్చి వాటినే ఏరి మరీ విత్తనం చేయించాను.

"మొదటి ఏడు మంచిగనే అయ్యింది," అంది లచ్చవ్వ గట్టు మీద కూర్చుంటూ. "వాన ఆఖరుదాంక పడ్డది, కుంట నిండుగుండె. గింజ పెద్దగొచ్చిందని మాణిగాడు ఊరంత చెప్పుకున్నడు. గీ కుంట కిందోళ్లంత నీ జల్లెడే పట్టిన్రు. ఈ ఏడు వాన జల్దీ పోయింది. సగం మడి పండి రాలవట్టె, సగం పచ్చిగుండె. పండింది కోస్తె పచ్చిది ఖరాబైతది, ఆగితె పండిందంత పిట్టల పాలు. మాణిగాడు ఆగుదమన్నడు. గంతల్నే కుంట ఎండింది. సర్కారుకు లెవీ గింజ ఇయ్యాలె గద, ఎద్దునమ్మి కొనుక్కొచ్చి కట్టినం."

నేను తప్పు చేశానవ్వా అన్నాను.

"చేసినవ్," అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. ఎవరైనా కాదులే అంటే బాగుండునని మనసులో ఎక్కడో ఉంది. అనలేదు.

కోయని మడిలోకి దిగి వెతికాను. పండిన పిట్టవడ్ల కంకులన్నీ రాలి వట్టి ఈనెలు మిగిలాయి. కళ్లం పక్కన తాలు కుప్ప ఉంటే అందులో చేతులు పెట్టి చిన్న గింజల కోసం చూశాను. చిన్నవి చాలా ఉన్నాయి. కానీ అవి నీళ్లు అందక సగం నిండిన దొడ్డు వడ్లు. పుట్టుకతో చిన్నదానికీ ఆకలితో చిన్నబడ్డదానికీ జల్లెడ తేడా చెప్పదు. పక్కనున్న కంగ్టి వైపు ఊళ్లలో దొరుకుతాయేమో అడుగుతానంటే లచ్చవ్వ తల అడ్డంగా ఊపింది. అక్కడ ఈ రకం వేయడం మానేసి చాలా ఏళ్లయిందట, ఆమె తమ్ముడి ఊరు అటే.

ఇక లేద్దామనుకుంటుంటే ఆమె గొంతు తగ్గించింది. చుట్టుపక్కల వినేవాళ్లెవరూ లేరు, అయినా తగ్గించింది.

"ఒక ముచ్చట చెప్త. మాణిగానికి తెల్వదు. గీ ఏడు గూడ నేను మడిల దిగిన. వాడు తిడ్తడని వాడు లేనప్పుడు దిగిన. నడుమ ఉన్న పిట్టొడ్ల కంకులు, తల వంచినయి, సూసి సూసి ఒక్క కట్ట కోసిన. పొయ్యి మీద వాసానికి కట్టిన. వాడడిగితె పండుగకని చెప్పిన."

"ఉందా? ఇప్పుడుందా?"

"ఉండకేం జేస్తది? నువ్వు గూడ తెస్తివంటె రెండు కలిపి నారువోసుకోవచ్చని సూసిన. నువ్వు తేకపోతివి. ఇగ గా కట్టనే దిక్కు. పది కంకులు నువ్వు తీస్కపో, తక్కింది నాకు. ఒక్క చిన్న మడి పెంచుకుంట. మల్లేడుకు ఊరికిస్త."

అవును, నాకు ఏడుపొచ్చినంత పనైంది. లేచి ఆమె చెయ్యి పట్టుకుని గట్టు ఎక్కించాను. దారిలో ఆ కట్టలో ఎన్ని కంకులుంటాయో, కంకికి ఎన్ని గింజలో, ఎన్ని మొలిస్తే ఎంత మడి అవుతుందో లెక్కలు చెబుతూనే ఉన్నాను. ఆమె ఆ రోజు మొదటిసారి నవ్వింది. నీకు లెక్కల పిచ్చి ఉన్నది సారు అంది. ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది.

యాదమ్మ వాకిట్లో నీళ్లు చల్లి, పీట వేసి, మోదుగాకు విస్తరి పరిచింది. సామేలును కూడా పిలిస్తే వాడు సద్ది తిన్నానని బండి దగ్గరే ఉండిపోయాడు. నేను కాళ్లు కడుక్కుని కూర్చున్నాను. లచ్చవ్వ ఎద్దుకు నీళ్లు పెట్టడానికి పక్కకు వెళ్లింది. యాదమ్మ కుండలోంచి అన్నం తీసి విస్తరిలో పెట్టి, పక్కన పప్పు వేసింది.

అన్నం ఆవిర్లు కక్కుతోంది. నేను అలవాటుకొద్దీ మెతుకుల్ని చూశాను. ఎక్కడ అన్నం తిన్నా చూస్తాను, మా ఆవిడ విసుక్కుంటుంది. పొట్టి మెతుకులు. గుండ్రంగా, ఆవగింజకు పెద్దన్న అన్నట్టు. ఒక్క మెతుకు కూడా పొడుగు లేదు. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆహా ఇంట్లో ఇంకా పిట్టబియ్యం ఉన్నాయే అని సంతోషపడ్డాను. ఆ తర్వాత చెయ్యి విస్తరిలోనే ఆగిపోయింది.

"ఈ బియ్యం ఎక్కడివమ్మా?"

"వాసానికి కంకులుండె సారు," అంది యాదమ్మ. "జొన్నలు దప్ప ఇంట్ల ఏం లేవు. సర్కారు మనిషికి జొన్నరొట్టె ఎట్ల పెడ్తం? గందుకే రాల్చి దంచిన."

లచ్చవ్వ బకెట్టు కింద పెట్టి లోపలికి వెళ్లింది. నేను లేచి గడప దాకా వెళ్లాను. పొయ్యి మీది వాసానికి తాడు ముక్క వేలాడుతోంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. అత్త ముఖం చూసి యాదమ్మ గరిటె కింద పెట్టి పరుగున వచ్చింది.

"ఏమైందత్తా? అయి తినేటియే గద. ఇత్తనానికి కొన్న దొడ్డొడ్లు గుమ్మిల ఉన్నయి. పెద్దయి ఇత్తనానికి, చిన్నయి తినుటానికని ఆయన చెప్పిండు నాకు. పట్నం సారు చెప్పిండట. ఈ సారే గదా?"

నాకు ఆ పిల్ల ముఖం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తప్పేం చేశానో తెలియని ముఖం. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమె చూసింది జల్లెడనే. కంకుల కట్ట అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొగుడి దగ్గర దాయాలని అత్త ఆమెకూ చెప్పలేదు. నేను చెప్పిన మాటను అక్షరం పొల్లు పోకుండా పాటించింది ఆ తాలూకాలో ఆమె ఒక్కతే కావచ్చు.

లచ్చవ్వ కోడల్ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బయటికొచ్చి నా విస్తరి ఎదురుగా కూలబడింది.

"దాన్నేమనకు సారు. దానికేం తెల్సు. తప్పు నాది, చెప్పలే."

"నేను తినలేనవ్వా."

"ఎందుకు తినవ్? ఉడికిన గింజ మొలుస్తదా?" అంది. "తిను. చల్లారుతున్నది."

తిన్నాను. ఆమె చూస్తుండగా తిన్నాను. కమ్మటి అన్నం, ఆకలి మీదున్నాను, రుచి తెలుస్తూనే ఉంది. దానికి మరీ సిగ్గుపడ్డాను. నడిమధ్య ఒక ముద్దలో పొట్టుతోనే ఉన్న వడ్లగింజ ఒకటి పంటికి తగిలింది. దంపుడులో తప్పించుకున్నది. తీసి చూశాను, ఉడికి పగిలింది. దాన్ని చూశాకనే నాకు బుర్ర పనిచేసింది. దంచిన బియ్యంలో పొట్టు ఊడని గింజలు కొన్ని ఎప్పుడూ మిగులుతాయి. మెరిగలంటారు. ఆడవాళ్లు వండే ముందు ఏరేస్తారు.

"మెరిగలు ఏరావా యాదమ్మా?"

"ఏరిన సారు."

"ఎక్కడున్నాయి?"

"కోళ్లకేసిన."

ముగ్గురం పెరట్లోకి పరుగెత్తాం. మూడు కోళ్లు మట్టి గీరుతున్నాయి. లచ్చవ్వ కట్టె విసిరింది. యాదమ్మ వాటిని గంప కింద మూసింది. సామేలు కూడా వచ్చాడు. నలుగురం మోకాళ్ల మీద కూర్చుని, దుమ్మును గుప్పెళ్లతో తీసి చేటలో పోసి చెరిగాం. రోలు చుట్టూ వెతికాం. తవుడు కుండలో వేలు పెట్టి ఒక్కొక్క పలుకూ చూశాం. యాదమ్మ ఏడుస్తూనే వెతికింది. గంట పట్టింది. చివరికి పదకొండు గింజలు దొరికాయి. నా భూతద్దం కింద పెట్టి చూస్తే రెండింటికి రోకటి దెబ్బకు మొలక భాగం నలిగిపోయింది. తొమ్మిది మిగిలాయి.

లచ్చవ్వ ఆ తొమ్మిదింటినీ అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కటీ వేలితో కదిపి చూసింది. నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదని తెలుసు. ఖాళీ సంచితో వచ్చినట్టే ఖాళీ సంచితో పోవడానికి సిద్ధపడ్డాను. ఆమె కొంగు చివర చించి, గింజలు మూటకట్టి నా చేతిలో పెట్టింది.

"నీ మీద నమ్మకముండి ఇస్తలేను," అంది. "మా కుంటల నీళ్లు లేవు. నీ కాడ ఉన్నయి. గందుకే."

సరే అన్నాను.

"మొలిస్తె చెప్పు. మొలవకున్న గూడ చెప్పు. చెప్పకుంట ఊకోకు."

నాలుగింటికి బండి కట్టించాను. నారాయణఖేడ్ చేరేసరికి చీకటి పడింది. దిగాక సామేలుకు రూపాయిన్నర ఇస్తే ఎద్దుల మేతకని నేను కొన్న గడ్డిలో మిగిలింది నాకు చూపించి, "ఇది లచ్చవ్వ ఎద్దుకేస్త సారు, రేపు గటే పోతున్న," అన్నాడు. అలాగే అన్నాను. జహీరాబాదు బస్సు పొద్దున ఏడుకి, అడ్డా వెనక సత్రంలో పడుకోవచ్చు, దుప్పటి మీరే తెచ్చుకోవాలి.

వచ్చి నెలన్నర అయింది. తొమ్మిది గింజల్నీ తొమ్మిది కుండీల్లో వేశాను. ఐదు మొలిచాయి. ఆ సంగతి లచ్చవ్వకు చెప్పమని సామేలు పేరున కార్డు రాసి పంపాను, మొలవని నాలుగింటి సంగతి కూడా రాశాను. ఈ మొక్కల్లో ఒకదాన్ని సంకరానికి ఇమ్మని మా అధికారి అడిగారు. ఇవి క్షేత్రానివి కావు, వేరేవాళ్లవి, నా దగ్గర పెంపకానికి ఉన్నాయి అని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది, వచ్చినా నేను మాట మార్చుకోలేదు. ఐదూ బతికి బట్టకడితే ఒక చిన్న మడికి సరిపడా విత్తనం అవడానికి మూడు పంటలు పడుతుంది. కుంటకు అప్పటికి నీళ్లు రావాలి, మాణయ్య పట్నం నుంచి రావాలి, లచ్చవ్వ ఉండాలి. ఇందులో నా చేతిలో ఉన్నది కుండీలకు నీళ్లు పోయడం ఒక్కటే. గింజ ఎంత పొడుగో, ఎంత వెడల్పో, దాన్ని అలా చేసే కారకాలు ఎన్నో కొలవడం నేను మానలేదు, మానను కూడా. ఆ మడికి ఏ గింజ కావాలో నాకంటే ముందే తెలిసిన మనిషి ఎదుట నవ్వానే, దానికి మాత్రం నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

విత్తనాల కోసం ఊళ్లకు వెళ్లేవారికి ఒక్క సలహా. నారాయణఖేడ్‌లో ఉదయం రొట్టె దొరక్కపోవచ్చు, జహీరాబాదులోనే కట్టించుకుని వెళ్లండి. దారిలో తినేయండి. ఇంటివాళ్లు మంచం వాల్చకముందే, పొయ్యి రాజేయకముందే, తినే వచ్చాను, నాకేమీ వండొద్దు అని గట్టిగా చెప్పండి.